గొర్రె ముఖాన ఉన్ని ఎందుకు లేదు

ఒకప్పుడు గొర్రెకు ఒంటినిండా ఉన్నే. వీపున ఉన్ని, పొట్టకింద ఉన్ని, ముక్కుమీద ఉన్ని, కాళ్లకు గిట్టల దాకా ఉన్ని. ఎదురుగా నిలబడితే దాని కళ్లెక్కడున్నాయో వెతుక్కోవాలి.

ఆ రోజుల్లో గుట్టకింద బీరవ్వ అనే కురుమ ముసలమ్మ తన మందతో ఉండేది. గొంగళ్లు నేయడంలో ఆమెకు సాటి లేదు. అంగీ కుట్టడం మాత్రం ఎన్నడూ ఎరగదు.

ఆ ఏడు కోడలు ఎల్లవ్వకు ఆడపిల్ల పుట్టింది. పిట్టంత పిల్ల. గొంగడి కప్పితే ఆ బరువుకు గిలగిల కొట్టుకుంది. చలి వచ్చేలోగా ఉన్ని అంగీ కుట్టకపోతే పిల్ల బతకదని బీరవ్వకు బెంగ పట్టుకుంది.

ఇంట్లో ఉన్న ఉన్ని అంతా వడికి, నేసి, అంగీ కుట్టింది. అలవాటు కొద్దీ, గొంగడికి పట్టించినట్టే దానికీ చింతగింజల గంజి పట్టించింది. ఆరాక చూస్తే అంగీ చెక్కలా బిగుసుకుపోయి తనంతట తానే నిలబడింది.

"అత్తా, ఇది అంగీయా, తలుపా?" అంది ఎల్లవ్వ.

"నవ్వకే! గంజి వదిలితే మెత్తబడుతది" అని బీరవ్వ దాన్ని సలసల కాగే నీళ్లలో వేసి, కర్రతో కసాబిసా కుమ్మింది. తీసి చూసింది. అంగీ ముడుచుకుపోయి ఉడత తొడుక్కునేంత అయింది.

అప్పుడే ఉత్తరపు గాలి గుట్ట దిగి వచ్చింది.

"ముసలమ్మా, మా అన్న చలి బయలుదేరిండు. పొద్దు గుంకేసరికి ఇక్కడుంటడు. పసిపిల్లలుంటే జాగ్రత్త" అని చెప్పి పోయింది.

బీరవ్వ ఇల్లంతా వెతికింది. ఇంట్లో పిడికెడు ఉన్ని లేదు. గొర్రెల వీపుల మీది ఉన్ని కత్తిరించి నెల కూడా కాలేదు. ముఖానా, పొట్టకిందా, కాళ్లకూ మాత్రం పొడుగ్గా ఉంది. కానీ అక్కడ కత్తెర పెట్టకూడదని కురుమల కట్టుబాటు. చలికాలంలో గొర్రెకు అదే ప్రాణం.

ఆమె కత్తెర పట్టుకుని దొడ్డిదాకా వెళ్లింది. వెనక్కి వచ్చింది. మళ్లీ వెళ్లింది. ఇంట్లో పిల్ల ఏడుపు సన్నబడుతోంది.

"ఏందవ్వా, ఇందాకటి నుంచి అట్ల తిరుగుతున్నవు?" అని అడిగింది మందలోని ముసలి గొర్రె బొల్లి.

బీరవ్వ జరిగింది చెప్పింది.

"దానికేం? నా ముఖం మీది ఉన్ని తీసుకో."

"వద్దే బొల్లీ! చలికి నీ ముఖం పగులుతది. కట్టుబాటు తప్పితే నా మంద ఏమైతదో!"

"నిరుడు నా పిల్ల వానకు తడిసి వణికితే నీ చంకల పెట్టుకుని తిరిగినవు. అప్పుడు ఏ కట్టుబాటు అడిగినవు? కానియ్, పొద్దు పోతున్నది."

బీరవ్వ పళ్లు బిగబట్టి కత్తెర ఆడించింది. బొల్లి ముఖం బయటపడింది.

"అబ్బో! ఎంత పొడుగు ముక్కే నీది!" అని పొట్టేలు పకపకా నవ్వింది.

"నవ్వు, నవ్వు. ఇక నీ వంతే" అంది బొల్లి.

ఒక్కదాని ఉన్ని చిన్న టోపీకి కూడా చాలలేదు. గొర్రెలన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ముఖాలూ, పొట్టలూ, కాళ్లూ ఇచ్చాయి. పొట్టేలు సిగ్గుపడుతూ అందరికన్నా చివర వచ్చింది.

పొద్దు పడమటికి వాలింది. "ఇక వడికేదెప్పుడు, నేసేదెప్పుడు?" అని బీరవ్వ నెత్తి పట్టుకుంది. ముడుచుకుపోయిన అంగీ కాలికి తగిలింది. తీసి నొక్కి చూసింది. సూది దూరనంత దట్టంగా ఉంది.

"ఓసి! వేడినీళ్లు పోసి కుమ్మితే ఉన్నిని ఉన్ని కరుచుకుంటదా!"

వెంటనే చాపమీద ఉన్ని పరిచింది. వేడినీళ్లు చల్లింది. చాప చుట్టి, కాళ్లతో తొక్కింది. విప్పింది, చల్లింది, మళ్లీ తొక్కింది. ఉన్ని మందపాటి గుడ్డలా అతుక్కుంది. పొయ్యి దగ్గర ఆరబెట్టి, కత్తిరించి, ఎడమెడంగా కుట్లు వేసింది. సూది గుచ్చుకుని నెత్తురు వచ్చినా చూసుకోలేదు.

చివరి కుట్టు పడి, అంగీ పిల్లకు తొడిగేసరికి తలుపు కిర్రుమంది. చలి లోపలికి వచ్చాడు. పిల్ల మెడ దగ్గర వెతికాడు. చేతుల దగ్గర వెతికాడు. ఎక్కడా సందు లేదు. పిల్ల వెచ్చగా ఆవులించింది.

చలికి ఒళ్లు మండింది. దొడ్డిలోకి దూకాడు.

"నా నోటికాడిది తప్పించింది మీరేనా? మీరు ఉన్ని ఇచ్చిన చోట ఇక ఎన్నటికీ వెంట్రుక పొడుగు పెరగదు!" అని గొర్రెల బోడి ముఖాలనూ, పొట్టలనూ, కాళ్లనూ మంచు నాలుకతో నాకేశాడు.

"అయ్యో, నా తల్లులారా!" అని బీరవ్వ గొంగడి తీసుకుని పరుగెత్తింది. అది రెండు గొర్రెలకే చాలింది.

బొల్లి గజగజ వణుకుతూ పక్క గొర్రె పొట్టకింద తల దూర్చింది.

"ఇక్కడ వెచ్చగున్నది! అందరూ దూర్చండే!"

మంద మొత్తం దగ్గరికి జరిగింది. ఒకదాని పొట్టకింద ఇంకొకటి తల పెట్టింది. చలి చుట్టూ తిరిగాడు, చుట్టూ తిరిగాడు. ఒక్క ముఖం కూడా దొరకలేదు.

తెల్లవారి బీరవ్వ భయం భయంగా లెక్కపెట్టింది. తలలు కనిపించక వీపులు లెక్కపెట్టింది. ఒక్కటీ తగ్గలేదు.

అప్పటినుంచే గొర్రెకు ముఖానా, పొట్టకిందా, కాళ్లకూ ఉన్ని లేదు. ఎండైనా, చలైనా, మంద ఒకచోట ఆగిందంటే ఇప్పటికీ ఒకదాని పొట్టకింద ఇంకొకటి తల దూర్చే నిలబడుతుంది.