పులిహోర కోరిన చిలుక

అనగనగా ఒక రాజుగారు. ఆయనది శాలిపురి. అక్కడ వరి తప్ప మరొకటి పండదు. తూర్పున చింతలపురి, అక్కడంతా చింతపండే. పడమట తిలపురి, అక్కడ నువ్వుల నూనె. మూడు రాజ్యాల సరుకూ ఒకే సంతలో కలిసేది. ఏ ఇంట చూసినా పులిహోర ఘుమఘుమలాడేది.

అది చూసి కంటకుడనే మాంత్రికుడికి కడుపు మండింది. ఒక్కో రాజు దగ్గరికీ వెళ్ళి, "పక్క రాజ్యం బండి మీ పొలిమేర దాటిందంటే మీ సిరి దాని వెంట పోతుంది" అని చెవిలో ఊదాడు. ముగ్గురూ నమ్మేశారు. వాడు రాచబాటలన్నిటికీ అడ్డంగా ముళ్ళకంచెలు మొలిపించాడు. ఇక శాలిపురిలో ఉత్త అన్నం, చింతలపురిలో ఉత్త పులుసు. తిలపురి వాళ్ళ సంగతి చెప్పనక్కర్లేదు, నూనె తాగి ఎవరు మాత్రం ఎన్నాళ్ళు బతుకుతారు?

శాలిపురి రాజుగారికి ముగ్గురు కొడుకులు. కడవాడు కుశలవర్మ. తిలపురి రాకుమారి హేమలేఖతో అతనికి తాంబూలాలు పుచ్చుకున్నారు గానీ, కంచె లేచి పెళ్ళి ఆగిపోయింది. పెద్దన్న కత్తితో నరికితే కంచె రెండింతలైంది. రెండో అన్న ఏనుగుతో తొక్కిస్తే మూడింతలైంది.

"నేను వెళ్తాను నాన్నగారూ" అన్నాడు కుశలవర్మ.

"నీకు కత్తి పట్టడమే రాదు కదరా."

"వచ్చినవాళ్ళు కంచెను పెంచి వచ్చారు. నేను పెంచకుండా వచ్చినా గొప్పే కదా. కత్తి తిప్పబోయి గురువుగారి మీసం సగం ఎగరగొట్టినవాణ్ణి, నాకు తెలియదా నా సంగతి?"

వెళ్ళి కంచె ముందు కూలబడ్డాడు. సంతలు ఆగి పని పోయిన ముసలి గాడిద ఒకటి అక్కడ మేస్తోంది.

"పనీపాటా లేకుండా కూర్చున్నావేం బాబూ? అది నా వంతు కదా" అంది.

"దాటే దారి తెలియడం లేదు తాతా."

గాడిద పళ్ళు ఇకిలించింది. "మాంత్రికుడు రాజుల్ని అడిగి కంచె వేశాడు. గాడిదల్ని అడగలేదు. మేమెప్పుడు రాచబాటన నడిచాం గనక? వాగులో దిగి, గట్టెక్కి, దొడ్డిదారిన పోతాం. ఇంకో మాట విను. వాడి ప్రాణం ఏడు సముద్రాల అవతల ఒక చిలుకలో ఉంది. వాడు దాన్ని కొన్నది మన సంతలోనే, అప్పుడు సంతకు మోసుకొచ్చింది నేనే, దాని రుచులు నాకు తెలుసు. పట్టుకోబోతే ఎగిరిపోతుంది. పులిహోర పెడితే మాత్రం అదే వచ్చి వాలుతుంది."

కుశలవర్మ గాడిద మీద బియ్యం వేసుకుని దొడ్డిదారిన చింతలపురి వెళ్ళాడు. సగం బియ్యమిచ్చి చింతపండు తీసుకున్నాడు. అక్కణ్ణుంచి అదే దారిన తిలపురి చేరాడు. హేమలేఖ నూనె జాడీతో పెరటి గుమ్మంలోకి వచ్చింది.

"పెళ్ళికొడుకు గుర్రమెక్కి వస్తాడనుకున్నాను."

"గుర్రాలు కంచె దగ్గరే ఆగిపోయాయి. ఇది నాకంటే తెలివైంది, అందుకే దీని వెనక నడిచొచ్చాను."

"పులిహోర కలపడం వచ్చా?"

"తినడం వచ్చు."

"అయితే నేనూ రావాల్సిందే" అంది హేమలేఖ.

ఇద్దరూ సముద్రపు ఒడ్డున కనబడిన ఒక పెద్ద తాబేలు వీపెక్కి ఏడు సముద్రాలు దాటారు. సముద్రానికో అన్నం ముద్ద దానికి కూలి. దీవిలో హేమలేఖ పోపు వేయగానే చిలుక వచ్చి కుశలవర్మ భుజం మీద వాలింది. నాలుగు మెతుకులు తిని, "కరివేపాకు మాడింది. అయినా ఫరవాలేదు. రోజూ పెడతారా?" అంది.

"మూడు దారులూ తెరిచి ఉంటే రోజూ పెడతాం" అన్నాడు కుశలవర్మ.

అంతలో కంటకుడు రొప్పుతూ ఊడిపడ్డాడు. "నా చిలుక పీక నులుముతావా?"

"నాకంత చేతనవునా మావా? మాతో తీసుకెళ్తాం, అంతే. ఇది పస్తుంటే నీ ప్రాణమూ పస్తే. ఒక్క దారి మూసుకున్నా దీనికి పులిహోర ఉండదు. ఇక నీ ఇష్టం."

కంటకుడు బియ్యం, చింతపండు, నూనె అని వేళ్ళు మడిచి చూసుకున్నాడు. వెళ్ళి, తన కంచెలు తానే పీకాడు.

కుశలవర్మకూ హేమలేఖకూ పెళ్ళి జరిగింది. మూడు రాజ్యాల వాళ్ళూ ఒకే పంక్తిలో కూర్చుని పులిహోర తిన్నారు. ఆ దంపతులు అరవై ఏళ్ళు చల్లగా ఏలారు. మధ్యలో ఏ రాజు అలిగి దారి మూస్తానన్నా, తెల్లారేసరికి వాకిట్లో కంటకుడు నిలబడి ఉండేవాడు.

"మూయకండి ప్రభూ, మీకు పుణ్యముంటుంది. చిలుక ఇంకా ఫలహారం చేయలేదు."