నూకాలు ఉట్టితాడు

అనగనగా ఒక ఏరు. ఆ ఏటికి తూర్పున మణిగిరి రాజ్యం, పడమర తామరకోట రాజ్యం. రెండు రాజ్యాలకూ కోటలున్నాయి, ఏనుగులున్నాయి, ఏనుగులకంటే పెద్ద పంతాలున్నాయి. ఓపిక మాత్రం ఒక్క ఏటికే ఉంది.

ఆ ఏటి నడుమ ఒక లంక. ఏరు రెండు పాయలుగా చీలి మధ్యలో వదిలేసిన ఇసుక మేట అది. నలభై పాకలు, దోసపాదులు, పుచ్చపాదులు, కొన్ని గేదెలు. అదే ఆ లంకవాళ్ల సిరి. ఏటా వరద వచ్చి లంకను తలవైపు కొరుక్కుతినేది, తోకవైపు కొత్త మేట వేసి పోయేది. నిరుడు పొయ్యి ఉన్నచోట ఈ ఏడు చేపలు ఈదేవి.

అందుకని వరద తీయగానే లంకవాళ్లంతా ఒకచోట చేరేవారు. తాడు వేసి నేల కొలిచి, చీట్లు తీసి, మళ్లీ కొత్తగా పంచుకునేవారు. "ఏటి పొలం ఏటికే" అనేది వాళ్ల ఊతపదం. నిరుటి పొలం కోసం ఎవడైనా తగువుకు దిగితే పిల్లలు కూడా పకపకా నవ్వేవారు.

ఆ కొలతాడు పట్టే మనిషి నూకాలు. అంతకుముందు ఆమె అత్త పట్టేది, ఆ అత్తకు అత్త పట్టేది. నూకాలుకు యాభై ఏళ్లు. అక్షరం ముక్క రాదు. మాట గరుకు, మనసు వెన్న, పట్టు మాత్రం ఉడుంపట్టు.

ఇలా ఉండగా, ఒక వేసవిలో మణిగిరి రాజు ప్రతాపకేతు వేటకు వచ్చి లంక పుచ్చకాయ తిన్నాడు. "ఆహా, ఇది ఎవరి పుచ్చకాయ?" అన్నాడు. "తమదే ప్రభూ!" అన్నాడు పక్కనున్నవాడు. ఆ నెలలోనే తామరకోట రాజు సోమవర్మ కూడా అదే లంక పుచ్చకాయ తిన్నాడు. అక్కడా పక్కనున్నవాడి నోరు ఊరుకోలేదు.

ఇంకేముంది! మణిగిరి భటులు వచ్చి లంక పడమటి అంచున రాయి పాతి, "ఇక్కడిదాకా మాదే" అన్నారు. తామరకోట భటులు వచ్చి తూర్పు అంచున రాయి పాతి, "ఇక్కడిదాకా మాదే" అన్నారు. నూకాలు ఆ రెండు రాళ్లనూ చూసి, "అయ్యో, అక్కడ పాతకండి నాయనా, ఆ గట్టు ఈ ఏడు నిలవదు" అని చెప్పింది. వినే నాథుడేడి?

శ్రావణంలో వరద వచ్చింది. రెండు గట్లూ విరిగాయి. రెండు రాళ్లూ ఏటి అడుక్కి పోయాయి.

ఇక కోటల్లో గగ్గోలు చూడాలి. "మా రాయిని తామరకోట దొంగలు ఎత్తుకుపోయారు" అన్నారు మణిగిరిలో. "మా రాయిని మణిగిరి దొంగలు ఎత్తుకుపోయారు" అన్నారు తామరకోటలో. ఇద్దరు రాజులూ తాటాకుల మీద యుద్ధలేఖలు రాయించారు. మణిగిరి లేఖకు ఎర్రదారం చుట్టారు, తామరకోట లేఖకు నీలిదారం చుట్టారు. తొమ్మిది పోగులు పేనిన ఆ దారాలు రాజముద్రతో సమానం. కోట బయట ఎక్కడా దొరకవు.

మాఘ పున్నమినాడు లంక మీదే యుద్ధం. ఆలోగా లంకవాళ్లు లంక ఖాళీ చేసి పోవాలి. రెండు వైపులా ఒకటే దండోరా.

ఎద్దుల పోట్లాటలో దూడల కాళ్లు విరగడమంటే ఇదే. నలభై పాకలవాళ్లూ నూకాలు ముంగిట చేరారు.

"ఎక్కడికి పోతాం నూకాలత్తా? తూర్పుకు పోతే పడమటివాళ్లంటారు. పడమరకు పోతే తూర్పువాళ్లంటారు."

"ఎక్కడికీ పోం" అంది నూకాలు. "పాదులు పెట్టాం. మొలకలొచ్చాయి. మొలకని వదిలేసి పోయేవాడు రైతేంట్రా? నే వెళ్లి మాట్లాడొస్తాను."

మొదట ఆమె తూర్పు రేవు దాటి మణిగిరి కోటకు వెళ్లింది.

"నువ్వెవరి మనిషివే?" అన్నాడు ప్రతాపకేతు మీసం దువ్వుతూ.

"ఏటి మనిషిని మారాజా. మీ రాయిని ఎవరూ ఎత్తుకుపోలేదు. గట్టు విరిగి ఏట్లో పడిపోయింది. మా పాకలూ అలాగే పోతాయి."

"ఏరు రాళ్లు మింగుతుందట!" అన్నాడు రాజు. సభంతా విరగబడి నవ్వింది. "మా హద్దు మా తాతగారు రాయించిన రాగిరేకులో ఉంది. నీ ఇసుకలో లేదు."

"ఆ రేకులో ఏముందో కాస్త చదివించండి మారాజా."

"నీకు అక్షరం వచ్చా?"

"రాదు."

"మరి విని ఏం చేస్తావు? పో, పో."

తిరుగు పడవలో నూకాలుకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. రేకులో ఏముందో తెలుసుకోకుండానే ప్రాణాలు తీసుకుంటారా వీళ్లు! చదవలేని తనకు ఆ మాట తట్టింది, చదివినవాళ్లకు తట్టలేదేం అనుకుంది. ఇంటికి కూడా పోకుండా పడవను పడమటి రేవుకు తిప్పింది.

తామరకోట రాజు సోమవర్మ కొంచెం నెమ్మదస్తుడు. కూర్చోమన్నాడు, మజ్జిగ ఇప్పించాడు. నూకాలు అడిగినమీదట ఆస్థాన పండితుడు రాగిరేకు తీసి గొంతు సవరించుకున్నాడు.

"మణిగిరి, తామరకోట ప్రభువులు కలిసి వ్రాయించిన శాసనము. ప్రతులు రెండు, మాట ఒకటి. ఏటి హద్దు ఏటికే. ఇంతే! అనగా, ఏరు గీసిన హద్దు ఏటికే చెల్లును. ఏరు అనగా తూర్పు పాయ. పడమటి పాయ వట్టి కాలువ. కనుక లంక మనది."

"మణిగిరివాళ్లు పడమటి పాయే ఏరంటారు బాబూ" అంది నూకాలు.

"వారికి వ్యాకరణము రాదు."

నూకాలు ఆ మాట వినిపించుకోలేదు. ఏటి హద్దు ఏటికే, ఏటి హద్దు ఏటికే అని లోలోపల రెండుసార్లు అనుకుని, ఫక్కున నవ్వేసింది. నిండు సభలో మజ్జిగ పొలమారింది.

"ఎందుకు నవ్వుతావమ్మా?" అన్నాడు రాజు.

"తప్పయిపోయింది మారాజా. అది మా ఊతపదం! ఏటి పొలం ఏటికే అంటాం మేం. ఏరన్నా ఏటి అనే అంటాం, ఏడన్నా ఏటి అనే అంటాం. ఏటి ఒడ్డు అంటే ఏరు. ఈ ఏటి పంట అంటే ఏడు. మీ తాతగారు చెప్పింది ఏరు గురించి కాదు, ఏడాది గురించి. ఏ ఏటి హద్దు ఆ ఏటికే! వచ్చే ఏటికి మళ్లీ కూర్చుని చూసుకోవాలి. ఏరు కదిలేది గదా మారాజా, హద్దు ఎలా నిలుస్తాది?"

పండితుడి ముఖం ఎర్రబడింది. "రాజులు ఏడాదికొకసారి హద్దు మార్చుకుంటారా? ఇది రాజ్యమా, దోసపాదా?" అని గద్దించాడు.

సోమవర్మ గడ్డం నిమురుకున్నాడు. "మాట బాగుంది. మాట మీద సేనను ఆపలేను. ఋజువు ఉందా?"

"లేదు మారాజా."

"పున్నమిలోగా తే. అది దాటితే నా చేతిలో లేదు."

నూకాలు లంకకు వచ్చింది. ఋజువు ఎక్కడ తేగలదు? రాజుల దగ్గర రాగిరేకులుంటాయి, లంకలో ఏముంటుంది? ఉన్నదంతా ఏరు ఎప్పటికప్పుడు తీసుకుపోతూనే ఉంటుంది. ఆలోచిస్తూనే అన్నానికి కూర్చుని, పెరుగుకుండ కోసం ఉట్టి మీదికి చెయ్యి చాచింది. ఉట్టితాడు వేళ్లకు తగిలింది. ఎప్పుడూ తగిలేదే. ముడులు ముడులుగా, గరుగ్గా, పొయ్యి పొగకు నల్లగా మసిబారి.

అత్త మాట గుర్తొచ్చింది. "కుండ పగిలితే మార్చు, పాక పోతే కట్టుకో. ఈ తాడు మాత్రం విప్పకే. ఇవి ఏటి ముడులు." ఏటి ముడులంటే వల ముడుల్లాంటివేవో అనుకుంది నూకాలు ఇన్నాళ్లూ. ఏటి ముడులు! ఏడాదికొక ముడి!

ఇంకోటి కూడా గుర్తొచ్చింది. అత్త ప్రతి కార్తీకంలోనూ లంక నడుమ తుంగచాప పరుచుకుని పొద్దుగూకేదాకా కూర్చునేది. "ఎవరి కోసం అత్తా?" అంటే, "వచ్చేవాళ్ల కోసం" అనేది. పెద్దతనం, మతి తప్పింది కాబోలనుకుని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చేది నూకాలు. ఇప్పుడు ఆమెకు కళ్లనీళ్లు తిరిగాయి. మతి తప్పింది అత్తకు కాదు.

ముడులు లెక్కపెట్టింది. ఇరవై ఒకటి. ఒక ముడిని గోటితో గీకి చూసింది. చూసి, పెరుగు సంగతే మరిచిపోయింది. ఇది రాజులిద్దరూ ఒకేచోట చూడాలని, పున్నమి ముందురోజు దాకా ఆగి కుంకుడుకాయలు కొట్టి నానబెట్టింది.

మాఘ పున్నమి వచ్చింది. తూర్పు గట్టున ఏనుగులు, పడమటి గట్టున ఏనుగులు. యుద్ధానికి ముందు రాజులిద్దరూ ఎదురుపడి లేఖలు ఒకరి చేతికొకరు ఇచ్చుకోవడం ఆ కాలపు మర్యాద. ఇద్దరూ చెరో పడవలో వచ్చి లంక మీద దిగారు.

దిగి చూస్తే ఏముంది? ఒక్క మనిషి కదల్లేదు. నలభై పాకలవాళ్లూ ఎవరి పాదు పక్కన వాళ్లు కూర్చున్నారు. అందరికంటే ముందు, కుంకుడురసం కుండ పక్కన పెట్టుకుని నూకాలు.

"లే!" అని ఉరిమాడు ప్రతాపకేతు.

"లేస్తాను మారాజా. ఈ తాడొకటి ఉతుక్కోనివ్వండి."

"యుద్ధభూమిలో ఉతుకుడా!"

"యుద్ధం మీది. భూమి ఇంకా ఎవరిదో తేలలేదు గదా" అంది నూకాలు. చెప్పి, తాడును కుంకుడురసంలో ముంచి రుద్దింది. నల్లటి మసి కారింది. ఏటినీటిలో జాడించింది. మళ్లీ ముంచింది. మూడోసారి జాడించి, తాడును రెండు చేతులా పట్టుకుని పైకెత్తింది.

ఇరవై ఒక్క ముడులు. ప్రతి ముడిలోనూ ఒక ఎర్రదారం, ఒక నీలిదారం, పెనవేసుకుని.

రాజులిద్దరూ తమ చేతుల్లోని యుద్ధలేఖల వంక చూసుకున్నారు. అదే ఎరుపు, అదే నీలం. అవే తొమ్మిది పోగులు.

"నువ్వు... దొంగిలించి ఉంటావు" అన్నాడు ప్రతాపకేతు. గొంతులో పస లేదు.

"ఇరవై ఒక్కసార్లా మారాజా? రెండు కోటల్లోనా?"

సోమవర్మకు నవ్వాగలేదు. నవ్వి, అంతలోనే గంభీరుడయ్యాడు. "మా తాతగారు ఏటా కార్తీకంలో పడవెక్కి ఎక్కడికో వెళ్లేవారని మా నాయనమ్మ చెప్పేది. చేపల వేటకనుకున్నాం."

"మా తాతగారు కూడా" అన్నాడు ప్రతాపకేతు, నేల చూపులు చూస్తూ.

ఆ తాతల తరువాత గద్దెనెక్కినవాళ్లు ఒక ఏడు ఎండగా ఉందన్నారు. ఇంకో ఏడు కోటలో పెళ్లన్నారు. మూడో ఏడు మరిచేపోయారు. ముడులు ఆగిపోయాయి. పగ మొదలయింది.

నూకాలు లోతు చూసే గడ తెప్పించి, రాజుల చేతనే రెండు పాయల్లోనూ దింపించింది. ఆ ఏడు పడమటి పాయ లోతు. అంటే అసలు ఏరు అదే, లంక తూర్పు వంతు. ప్రతాపకేతు మీసం మళ్లీ లేచింది.

"సంతోషం మారాజా" అంది నూకాలు. "పదకొండు పాకలు వరదకు పోయాయి. ఇల్లు నాదన్నవాడే కప్పు కప్పించాలి గదా."

మీసం కొంచెం దిగింది. గట్టు మీద సేన చూస్తోంది, లంక చూస్తోంది. "కప్పిస్తాను" అన్నాడు ప్రతాపకేతు.

"వచ్చే ఏడు మా వంతయితే మేం కప్పిస్తాం. ఈ ఏటికి తాటాకులు మాత్రం మావి" అన్నాడు సోమవర్మ.

ఇరవై రెండో ముడి వేయాలి. దారాలు ఏవి? కోటకు పంపితే పొద్దుపోతుంది. అప్పుడు ప్రతాపకేతు తన యుద్ధలేఖకు చుట్టిన ఎర్రదారం లాగాడు. సోమవర్మ తన లేఖ నుంచి నీలిదారం లాగాడు. రెండూ కలిపి నూకాలు చేతికిచ్చారు. దారాలు ఊడిన లేఖలు ఇసుకలో పడ్డాయి. ఒక గేదె వచ్చి వాసన చూసి, తినడానికి కూడా పనికిరావని వదిలేసింది.

మరుసటి కార్తీకంలో నూకాలు లంక నడుమ తుంగచాప పరిచింది. తూర్పు నుంచి ఒక పడవ వచ్చింది, పడమర నుంచి ఒక పడవ వచ్చింది. అత్త కూర్చునే చోటు అప్పటికే ఏట్లో కలిసిపోయింది. అయినా నూకాలు ఆ నీళ్లవైపు తిరిగి, "వచ్చారత్తా" అంది.

విన్నారు గదా పిల్లలూ, రాయి పాతి మరిచిపోయిన హద్దు పగను పెంచుతుంది, ఏటేటా ఎదురెదురుగా కూర్చుని చూసుకున్న హద్దే ఇరుగుపొరుగును కలిపి ఉంచుతుంది.