అన్నం వంటింట్లో ఉంది

పొద్దున ఛాతీ విరుచుకు తిరిగిన చెన్నకేశవుడికి మధ్యాహ్నానికి ముచ్చెమటలు పోశాయి.

మా గురువమ్మ మఠంలో పరమగురువుగారి తత్వాలు పాత కాగితాల మీద ఉండేవి. వాటిని పీడీఎఫ్‌లు చేసి వెబ్‌సైటులో పెట్టే పని వీడిది. చదువుకున్నవాడే, కాదనను. ఆ సాయంత్రం ఆరాధన. ఇన్నాళ్లూ ఎవరూ పాడని తత్వం ఒకటి దొరికింది. బళ్లారి, రాయచూరు శిష్యులు ఎక్కడివాళ్లక్కడే తెరిచి, మాతోపాటు పాడాలని ఏర్పాటు. మఠంలో ఎవరికీ కాలు నిలవడం లేదు.

తీరా చూస్తే అది వీడి ల్యాప్‌టాప్‌లో తప్ప ఎక్కడా తెరుచుకోవడం లేదు. నా ఫోనులోనూ తెల్లటి తెరే. చెబితే, "నీ ఫోనుకు నీ అంత వయసుంది తాతా" అన్నాడు. ఆ మాట నేను మరవలేదు, మరవను.

"సైటులో ఏం దాచావు నాయనా?" అంది గురువమ్మ.

"పీడీఎఫ్ ఎక్కడుందో ఆ చోటు రాసి దాచానమ్మా. పీడీఎఫ్ నా ల్యాప్‌టాప్‌లో ఉంది. అంత బరువు సైటుకెందుకు? చోటు తెలిస్తే చాలదా?"

ఆమె అందరినీ భోజనాలకు పిలిచింది.

మా మఠంలో గురువమ్మే వడ్డిస్తుంది. పంక్తిలో కూర్చున్నవాడు, అందరూ తినేదాకా లేవకూడదు. ఆమె వరసగా వడ్డిస్తూ వచ్చి చెన్నకేశవుడి ముందు వంగింది. "అన్నం వంటింట్లో ఉంది నాయనా. పొయ్యి పక్కన, పెద్ద గుండిగలో." అని, పక్క విస్తరికి వెళ్లిపోయింది.

వాడు నవ్వాడు. ఆమె వెనక్కి రాలేదు. ఖాళీ విస్తరి వంక చూశాడు, వంటింటి వంక చూశాడు. నేను వాడికి కనబడేలా పప్పన్నం తీరిగ్గా కలుపుకున్నాను.

ఉన్నట్టుండి వాడు లేచి ల్యాప్‌టాప్ దగ్గరికి పరుగెత్తాడు. పంక్తి నియమం తప్పాడని నేను కేకేయబోతే, గురువమ్మ చెయ్యెత్తి ఆపింది.

మేం చేతులు కడుక్కునేసరికి నా ఫోను నిండా పరమగురువుగారి చేతిరాత! బళ్లారిలో అప్పుడే తాళాలు అందుకున్నారట.

గురువమ్మ గుండిగ తెచ్చి వాణ్ణి కూర్చోమంది. గరిటె నిండా అన్నం తీసింది.

"పాట ఇప్పుడు ఎక్కడుంది నాయనా?"

"సైటులోనే ఉందమ్మా, పీడీఎఫ్‌తో సహా."

గరిటె విస్తరి మీద గాల్లోనే ఆగిపోయింది.

వాడు ఆ గరిటెనే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత మెల్లగా, "తాతా, ఒక్కసారి నీ ఫోను ఇస్తావా?" అన్నాడు. మొదటి పాదం మళ్లీ మళ్లీ చదువుకున్నాడు. ఫోను నాకిచ్చేసి, కళ్లు మూసుకుని గొంతెత్తాడు.

అన్నం విస్తట్లో పడింది.