బాలింత పిల్లికి దాచిన జెల్ల

గంగమ్మ పండుగనాడు ఆ పల్లెలో ఒక్క పడవా నీళ్లలోకి దిగదు. అన్నీ ఇసుక మీదే పసుపు పూయించుకుని, వేపమండలు కట్టించుకుని పెళ్లికూతుళ్లలా కూర్చుంటాయి. మనుషులకది పండుగ. చేప తలకాయల మీద బతికే కుక్కలకీ పిల్లులకీ మాత్రం పస్తు.

ముసలి కుక్క దాలమ్మకి పస్తులు కొత్త కాదు. దాని బెంగంతా నూకాలు గురించే. ఆ పిల్లి బోర్లించిన పాత పడవ కింద ఈ వారమే ఈనింది. తల్లి తినక పాలు లేవు. పొద్దున్నుంచి కూనలు ఉత్త రొమ్ములు చీకి ఏడుస్తున్నాయి. పండుగకని వలలు దులుపుతుంటే జారిపడ్డ జెల్ల చేపని దాలమ్మ అందుకే తినకుండా దాచింది.

జెల్లకి వీపున ఒకటి, చెంపలకి చెరొకటి రంపాల్లాంటి ముళ్లుంటాయి. పల్లె ఆడవాళ్లు వాటిని విరిచిగానీ చేపని బుట్టలో వెయ్యరు. దాలమ్మ కూడా జెల్లని లంగరు రాయి మీద పెట్టి, కాలితో తొక్కి వీపు ముల్లు విరిచింది.

అప్పుడే సరుగుడు తోటలోంచి నక్క వచ్చింది. ఊళ్లో డప్పులు మొదలయ్యాయనీ, దాలమ్మ ఈ ముసలి కాళ్లతో పడవదాకా ఇసుకలో నడిచేసరికి ఊరేగింపు అయిపోతుందనీ, చేపని బాలింతకి తానే అందిస్తాననీ చెప్పింది. ఏటా ఊరేగింపు ముందు నడిచే దాలమ్మకి ఆశ పుట్టింది.

"సరే, ఉండు. చెంప ముళ్లు కూడా విరవనీ."

"ఇవ్వబుద్ధి కాక ఈ ముళ్ల కబుర్లెందుకత్తా?" అంటూ నక్క చేపని లాక్కుని పరుగెత్తింది. పడవ దగ్గర ఆగలేదు, తోటలోకి పోయింది.

దాలమ్మ పడవ దగ్గరికి వెళ్లి కూలబడింది. "నీ పిల్లల పాలు నేనే పోగొట్టానమ్మీ" అంది. నూకాలు కూనల్ని నాకుతూ ఉండిపోయింది.

కాసేపటికి నక్కే తిరిగొచ్చింది. నోరు మూతపడటం లేదు, చొంగ కారుతోంది. చెంప ముల్లు అంగిట్లో దిగి విరిగిపోయింది.

"చేపేది?" అంది నూకాలు. నక్క తోకతో తోట వైపు చూపించింది. దాలమ్మ మెల్లగా వెళ్లి తెచ్చి, అలలో కడిగి, మిగిలిన ముల్లు విరిచింది. నక్క మూలుగు విని దాలమ్మకి జాలేసింది.

"ముందు దీని సంగతి చూడు, నొప్పితో చచ్చిపోతోంది."

"నా పిల్లలు పొద్దున్నుంచి ఏడుస్తున్నాయప్పా. ఇది కాసేపు నోరు తెరుచుకుని కూర్చుంటే కొంప మునగదు."

నూకాలు నింపాదిగా తింది. నక్క తెరిచిన నోటితో ప్రతి ముద్దా చూసింది. కడుపు నిండాక నూకాలు పంజా లోపలికి పెట్టి, గోటికి తగిలించి ముల్లు లాగేసింది. నక్క ఆకలితోనే తోటకి పోయింది.

కూనలు పాలకి ఎగబడ్డాయి. డప్పులు ఒడ్డుదాకా వచ్చినా దాలమ్మ లేవలేదు. కూనల గుటకల చప్పుడు వింటూ ఇసుకలో గడ్డం ఆనించింది.

ఇంకొకరి కూడు లాక్కునేవాడికి ముల్లు విరిచేదాకా ఆగే ఓపిక ఉండదు.