సగం శిష్యుడు

అనగా అనగా, మీ తాతగారి తాతకి ఇంకా పాలపళ్లు కూడా రాని రోజుల్లో, కుందవరం అనే రాజ్యాన్ని గజకేతుడనే రాజు ఏలుతుండేవాడు. ఆయనకి ముగ్గురు కొడుకులు.

పెద్దవాడు దండధరుడు. వాడికి సాము తప్ప ఇంకో లోకం లేదు. సాము నేర్పే తాలింఖానాలోనే తిండి, అక్కడే పడక. పెళ్లి మాటెత్తితే కర్ర ఎత్తేవాడు. నడిపివాడు సుఖవర్మ. వాడికి ఇల్లు తప్ప ఇంకో లోకం లేదు. పెళ్లాం వడ్డించిన పప్పన్నం, పిల్లల కబుర్లు, మధ్యాహ్నం కునుకు. వాడు జన్మలో పట్టుకున్న ఆయుధం పప్పుగుత్తి ఒక్కటే. చిన్నవాడు వసంతుడు. వీడికి సామూ కావాలి, ఇల్లూ కావాలి. తంటా అంతా వీడితోనే వచ్చింది.

సాము నేర్పే గురువు గట్టుమల్లయ్య. "కర్ర పట్టినవాడు పన్నెండేళ్లు ఇంటి గడప తొక్కకూడదు" అని ఆయన కట్టడి. వసంతుడు మాత్రం పొద్దుగూకగానే తాలింఖానా గోడ దూకి ఇంటికి పరుగెత్తేవాడు. అక్కడ భార్య కనకాంగి, ఐదేళ్ల కూతురు గున్నమ్మ ఎదురుచూస్తుండేవాళ్లు. తెల్లారితే గురువు దండన, నూరు గుంజిళ్లు. ఆ గుంజిళ్లు కూడా వాడు ఇంటికి తెచ్చుకుని, గున్నమ్మను భుజాల మీద కూర్చోబెట్టుకుని తీసేవాడు. లెక్కపెట్టేది గున్నమ్మ. దానికి పదకొండు తర్వాత మళ్లీ ఏడే వచ్చేది. ఇక వసంతుడి మోకాళ్ల సంగతి మీరే ఊహించుకోండి!

"నువ్వు సగం శిష్యుడివిరా" అని గురువు విసుక్కునేవాడు. "మీరు సగం మొగుడండీ" అని కనకాంగి మూతి తిప్పేది. "రెండు పడవల మీద కాళ్లు పెట్టావు, ఎప్పుడో నీళ్లలో పడతావు" అని అన్నలు నవ్వేవాళ్లు. వసంతుడు కర్ర పట్టి అప్పటికి పదకొండేళ్లు గడిచి, పన్నెండో ఏడు నడుస్తోంది.

ఒకనాడు ఏడు సముద్రాల అవతలి నుంచి చిక్కుజడల మాంత్రికుడు చేట మీద ఎగిరివచ్చి నిండు సభలో దిగాడు.

"రాజ్యం ఇస్తావా, రాయివవుతావా?" అన్నాడు.

"ఇవ్వనురా, పో!" అన్నాడు గజకేతుడు. అంతే, సింహాసనం మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే రాయైపోయాడు.

"మూడు నెలలు గడువు. ఈలోగా నన్ను గెలిస్తే మీ నాన్న మీకు దక్కుతాడు. లేకపోతే ఆయన ఎప్పటికీ రాయే, రాజ్యం నాదే" అని కొడుకులతో చెప్పి, వాడు చేటెక్కి చక్కా పోయాడు.

మొదట దండధరుడు ఓడెక్కి వెళ్లాడు. కర్ర తిప్పేలోగా మాంత్రికుడు గుప్పెడు బూడిద చల్లాడు. దండధరుడు పొత్రమైపోయాడు. తర్వాత సుఖవర్మ బుట్టెడు అరిసెలతో, బోలెడు మంచి మాటలతో వెళ్లాడు. మాంత్రికుడు అరిసెలన్నీ తిని, మూతి తుడుచుకుని, వాణ్ణి రుబ్బురోలు చేశాడు. "అన్నదమ్ములు భలే కుదిరారు!" అని ఆనాటి నుంచి వాళ్లలోనే గోంగూర పచ్చడి నూరుకుంటున్నాడు. ఓడవాళ్లు తిరిగొచ్చి ఈ కబురు చెప్పేసరికి రెండు నెలలు దాటిపోయాయి.

ఇక మిగిలింది వసంతుడు. కర్రా కత్తీ తీసుకుని గడప దగ్గర నిలబడ్డాడు. కనకాంగి కళ్లొత్తుకుంది. "సగమైతేనేం, ఆ సగాన్నైనా క్షేమంగా తెచ్చి నాకు అప్పజెప్పండి" అంది. గున్నమ్మ మాత్రం, "నాన్నా, పొద్దుగూకేసరికి వచ్చేస్తావుగా?" అని అడిగింది. వసంతుడు దాని తల నిమిరి గడప దాటాడు.

సముద్రం ఒడ్డున బండంత గూడబాతు ఒకటి ఏడుస్తూ కనిపించింది. దాని మూడు పిల్లలూ వలలో చిక్కుకున్నాయి. వసంతుడు వల కోసి పిల్లల్ని విడిపించాడు.

"ఏం చెయ్యను నాయనా! వేటకి పోతే పిల్లలకి ఇలాంటి గతి, పోకపోతే పస్తు" అంది గూడబాతు.

"మా ఇంట్లోనూ అదే గొడవ పిన్నీ" అన్నాడు వసంతుడు.

పిన్నీ అన్న పిలుపుకి అది కరిగిపోయింది. మాంత్రికుడి గుట్టంతా చెప్పేసింది. వాడి ప్రాణం కోటలోని నేరేడు చెట్టు తొర్రలో ఉన్న చిలకలో ఉంది. ఆ చెట్టుకి ముందు మూడు వాకిళ్లు, ముగ్గురు రాక్షసులు. "పద, నేను దింపుతాను" అని పిల్లల్ని తన ముక్కు కింది సంచిలో వేసుకుని, వసంతుణ్ణి వీపున ఎక్కించుకుని ఎగిరింది.

ఒక సముద్రం దాటారు, రెండు దాటారు, మూడోదాని మీద పిల్లలు ఏడుపు లంకించుకున్నాయి. వసంతుడు గున్నమ్మకి పాడే జోలపాట ఎత్తుకున్నాడు. పిల్లలు నిద్రపోయాయి. ఏడో సముద్రం మీద గూడబాతుకీ కునుకు పట్టబోతే, గిల్లి లేపవలసి వచ్చింది.

కోటలో మొదటి రాక్షసుణ్ణి కర్రతో పడగొట్టాడు. రెండోవాణ్ణి కత్తితో పడగొట్టాడు. మూడోవాణ్ణి ఒట్టి చేతులతో ఎత్తి కుదేశాడు. సగం శిష్యుడి చేతిలోనే ఇంత సాము ఉందే! తొర్రలో చెయ్యి పెట్టి చిలకను పట్టుకున్నాడు. లోపల అంతఃపురంలో మాంత్రికుడు ఊపిరాడక కెవ్వుమన్నాడు.

మెడ నులిమేసేవాడే. కానీ తొర్ర అడుగున కిచకిచమని వినిపించింది. ఇంకా ఈకలైనా రాని రెండు పిల్లలు నోళ్లు తెరిచి ఉన్నాయి.

"నన్ను చంపితే వాడు చస్తాడు, నీ పని అయిపోతుంది" అంది చిలక. "నా పిల్లల సంగతి నువ్వు ఆలోచించనక్కర్లేదు."

"ఎలా ఆలోచించకుండా ఉండను? ఇంకో దారి లేదా?"

"ఉంది. వాడి ప్రాణం నా నాలుక కింద నల్లపూసలా ఉంది. అది బయటికి రావాలంటే అంత విలువైనది ఇంకోటి లోపలికి పోవాలి. నీ దగ్గర అలాంటివి రెండే ఉన్నాయి. ఒకటి, పన్నెండేళ్ల నీ సాము. రెండోది, నీ కూతురు నిన్ను 'నాన్నా' అని పిలిచే పిలుపు. ఏదిచ్చినా మళ్లీ రాదు."

వసంతుడికి దుఃఖం ముంచుకొచ్చింది. తెల్లవారుజాము చలి, అరచేతుల కాయలు, గురువు తిట్లు, అన్నీ కళ్లముందు తిరిగాయి. సాము అంటే వాడికి ప్రాణం మరి. అయినా చిలకను మెల్లగా పిల్లల పక్కన దింపి, "సాము తీసుకో తల్లీ" అన్నాడు.

నల్లపూస కింద పడింది. అప్పుడే మాంత్రికుడు బూడిద పట్టుకుని ఉరికొచ్చాడు. వసంతుడు కర్ర ఎత్తబోయాడు. చేతికి దారి తెలియలేదు, కాలికి కాలు అడ్డం పడింది, దభీమని వెల్లకిలా పడ్డాడు. పడ్డది సరిగ్గా పూస మీదే! అది పటుక్కున పగిలింది. మాంత్రికుడున్న చోట చిక్కుజడల కుప్ప ఒకటి మిగిలింది.

రోలూ పొత్రమూ లేచి, ఒళ్లంతా పచ్చడి వాసనతో తమ్ముణ్ణి కావలించుకున్నాయి. గూడబాతు ముగ్గుర్నీ మోస్తూ, "పిన్నీ అనిపించుకున్న పాపానికి!" అని దారంతా సణిగింది. కుందవరంలో గజకేతుడు సింహాసనం మీద ఆవులించి లేచాడు.

సభలో జనమంతా "సాము చూపించాలి!" అని కేకలు. వసంతుడు కర్ర తిప్పబోతే అది వాడి పాదం మీదే పడింది. గట్టుమల్లయ్య మండిపడ్డాడు. "పన్నెండేళ్లు బూడిదలో పోశావా!" అన్నాడు. వసంతుడు జరిగినదంతా చెప్పాడు.

అది వినగానే ఆ గట్టి మనిషి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నా కూతురి పెళ్లినాడు కూడా నేను తాలింఖానాలోనే ఉన్నానురా అబ్బాయ్. దానికిప్పుడు ముగ్గురు పిల్లలట. నేను చూడనేలేదు. తప్పు నా కట్టడిది." కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "ఇకనుంచి మధ్యాహ్నం దాకానే సాము. ఆ తర్వాత అందరూ ఇళ్లకి పోవాలి, నాతో సహా. పోయిన సాము రాదు సరే, కొత్తది నేర్చుకోవడానికి అడ్డేమిటి? రేపు పొద్దున్నే వచ్చి పిల్లల వరసలో నిలబడు."

మర్నాడు పిల్లల వరసలో చివర గడ్డం ఉన్న పిల్లాడొకడు నిలబడ్డాడు. వాడి పక్కన గున్నమ్మ నిలబడింది. అదీ ఆ రోజే చేరింది. "నాన్నా, ఎడమకాలు అది కాదు, ఇది!" అని మొదటిరోజే దిద్దింది.

దండధరుడు పొత్రంగా ఉన్నన్నాళ్లూ ఒంటరితనం ఏమిటో తెలిసొచ్చిందేమో, పెళ్లికి సరేనన్నాడు. పొరుగు రాజకుమార్తె ఇందుమతితో పదిరోజుల పెళ్లి జరిగింది. రాజ్యం మాత్రం వసంతుడికే కట్టబెట్టారు. వాడు పొద్దున సాము, మధ్యాహ్నం కొలువు, పొద్దుగూకాక ఇల్లు అని పంచుకుని, నలభై ఏళ్లు చల్లగా ఏలాడు. కనకాంగి మూతి తిప్పడం మానేసింది.

పన్నెండేళ్లు తిరిగొచ్చాక తాలింఖానాలో తండ్రీకూతుళ్లకి పందెం పెట్టారు. మూడో దెబ్బకే గున్నమ్మ రాజుగారి కర్రను ఆకాశానికి ఎగరగొట్టింది. "నాన్నా, దెబ్బ తగిలిందా?" అని పరుగెత్తుకొచ్చింది. ఓడిపోయి అంతగా నవ్విన రాజుని కుందవరం అంతకుముందెప్పుడూ చూడలేదు.

కథ కంచి దారి పట్టింది. వాకిట్లో చెప్పుల చప్పుడవుతోంది, మీ నాన్నే అయ్యుంటాడు. లేవండి, పరుగెత్తండి!