ముందు గీసినవాడిదే పేరు

జీడికోన అడవి చాలా పెద్దది. అందులో కొండముచ్చులు, చుక్కల దుప్పులు, ముళ్లపందులు, ముంగిసలు, ఎలుగుబంట్లు, నక్కలు ఉండేవి. అడవి నడుమ మొండిగుట్ట అనే రాతికొండ ఉండేది. దాని చుట్టూ చిన్నవీ పెద్దవీ చాలా లోయలు ఉండేవి.

ఆ అడవిలో నీళ్లు ఒకచోట నిలిచేవి కావు. ఎండలు ముదిరితే ఒక వాగు ఎండిపోయేది, ఇంకోచోట ఊట పుట్టేది. నీళ్ల వెంట జంతువులూ మకాం మార్చేవి. అందువల్ల ఎవరు ఎక్కడ ఉంటున్నారో చెప్పడానికి గోరువంకలు ఉండేవి.

లోయకు ఒక గోరువంక. మకాం మార్చినవాళ్లు ఆ లోయ పిట్టకు తమ పేరూ చోటూ చెప్పేవాళ్లు. వెతుక్కుంటూ వచ్చినవాళ్లు పేరు అడిగేవాళ్లు. "ఎలుగు నరసయ్యా? చీలిన బండ వెనక, తేనెపట్ల కింద" అని పిట్ట చెప్పేది. తన లోయలో లేని పేరైతే మొండిగుట్టకు ఎగిరి వెళ్లేది. గుట్ట మీద ఒక ముసలి గోరువంక ఉండేది. అందరూ ఆమెను పేరమ్మ అనేవాళ్లు. ఏ పేరు కోసం ఏ లోయ పిట్టను అడగాలో పేరమ్మకు తెలుసు. చేసిన పనికి జంతువులు పిట్టలకు పండ్లు తెచ్చి ఇచ్చేవి.

మద్దిలోయలో కేతయ్య అనే కొండముచ్చు ఉండేవాడు. అతని భార్య మాచమ్మ. వాళ్లకు సిరి అని ఒక్కతే కూతురు. కేతయ్యకు రంగయ్య అనే చుక్కల దుప్పి ప్రాణస్నేహితుడు. కేతయ్య కొమ్మల మీదనుంచి చిగుళ్లు తుంచి పడేసేవాడు, రంగయ్య కింద నిలబడి తినేవాడు. చిరుతపులి వస్తే ఎవరు ముందు చూస్తే వాళ్లు అరిచేవాళ్లు. ఆ అరుపు విని మిగతా జంతువులు తప్పించుకునేవి. చిరుతపులి చాలాసార్లు ఆకలితో వెనక్కి వెళ్లిపోయింది.

ఒక ఎండాకాలం మద్దిలోయ వాగు ఎండిపోయింది. రంగయ్య నీళ్లు వెతుక్కుంటూ వెళ్లాడు. "ఎక్కడ ఆగితే అక్కడి పిట్టకు చెబుతాలే" అని చెప్పి వెళ్లాడు.

కొన్నాళ్లు చూసి కేతయ్య తన లోయ పిట్టను అడిగాడు. పిట్ట మొండిగుట్టకు వెళ్లి వచ్చింది. "రంగయ్య అనే పేరే అడవిలో లేదట" అంది.

"లేకపోవడమేమిటి? నాతో కలిసి పెరిగినవాడు" అన్నాడు కేతయ్య.

"పేరమ్మ అలాగే చెప్పింది."

కేతయ్య లోయలన్నీ తిరిగాడు. చివరికి ఒక రాతి సందులో రంగయ్య కనిపించాడు. కాలు ఇరుక్కుని, దాహంతో ఎప్పుడో చనిపోయాడు. అక్కడికి కొంచెం దూరంలోనే ఆ లోయ పిట్ట కూర్చుని ఉంది. రంగయ్య వచ్చిన రోజే దానికి తన చోటు చెప్పాడు.

కేతయ్య నేరుగా మొండిగుట్ట ఎక్కాడు. పేరమ్మ అతన్ని చూడగానే తల దించుకుంది.

"చిరుతపులి వచ్చింది. అరిచి తన వేట చెడగొడుతున్నాడని, రంగయ్య పేరు ఎవరడిగినా లేదని చెప్పమంది. నా గూట్లో పిల్లలున్నాయి, కేతయ్యా. ఏం చెయ్యను?" అంది.

కేతయ్య గుట్ట దిగాడు. ఆ రోజు మొదలు అతనికి తిండి సయించలేదు. ఒక ముసలిపిట్ట భయపడితే అడవి మొత్తానికి ఒక ప్రాణి లేకుండా పోవడం అతనికి మింగుడు పడలేదు. అందులో అన్యాయం ఉందని ఎవరైనా ఒప్పుకుంటారు.

కేతయ్య జంతువులన్నిటినీ పిలిచి సభ పెట్టాడు.

"ఇకమీదట పిట్టలు వద్దు. దారి చీలే చోటల్లా చెట్టు బెరడు మీద ఎవరి గుర్తు వాళ్లే గీసుకుందాం. పక్కన ఇల్లు ఎటువైపో గీత గీద్దాం. ఎవరు ముందు గీస్తే ఆ పేరు వాళ్లది. గీసినదాన్ని ఎవరూ చెరపకూడదు. చిరుతపులి కూడా చెరపకూడదు. అప్పుడు మనల్ని ఎవరు మాయం చేస్తారో చూద్దాం" అన్నాడు.

జంతువులకు ఆ మాట నచ్చింది. రంగయ్య చావు అందరికీ తెలుసు.

అప్పుడు రేగులోయ నుంచి వచ్చిన సూరమ్మ లేచింది. ఆమె ముసలి ముళ్లపంది. ఎప్పుడూ నిదానంగా మాట్లాడేది.

"నువ్వు చెప్పిన లోపం నిజమే, కేతయ్యా. పేరమ్మ ఒక్కత్తే ఉండటం తప్పు. ఇంకో రెండు గుట్టల మీద ఇంకో ఇద్దరిని పెడదాం. చిరుత ఒకరిని బెదిరిస్తే మిగతావాళ్లు చెబుతారు. నీ గీతలు కూడా పెట్టు, వద్దనను. కానీ ఒక వానాకాలం రెండూ కలిసి నడవనీ. గీతలు వానకు నిలుస్తాయో లేదో, దొంగగీతలు గీసేవాళ్లు ఉంటారో లేదో చూద్దాం. ఆ తర్వాత పిట్టల సంగతి ఆలోచిద్దాం" అంది.

ఆ మాటల్లో తప్పేమీ లేదని కేతయ్యకు లోలోపల తెలుసు. కానీ సభ అంతా తన వైపే చూస్తోంది. ఆ చూపులు అతనికి బాగున్నాయి. మాట మార్చుకుంటే చిన్నబోతానని అనిపించింది.

"పెద్దమ్మా, నీకు ముసలితనం వచ్చి భయం పట్టుకుంది. నీకు అంత ప్రేమైతే మీ లోయలో పిట్టను పెంచుకో. నేను మాత్రం ఆ లోయలో అడుగు పెట్టను, ఆ పిట్టను ఏదీ అడగను" అన్నాడు.

కొందరు నవ్వారు. సూరమ్మ కూర్చుంది.

మరునాటి నుంచి జంతువులు పిట్టలకు పండ్లు ఇవ్వడం మానేశాయి. గోరువంకలు ఒక్కొక్కటిగా అడవి వదిలి వెళ్లిపోయాయి. పేరమ్మ పిల్లలను తీసుకుని ఎటు వెళ్లిందో ఎవరూ చూడలేదు. రేగులోయ పిట్ట మాత్రం ఉండిపోయింది. సూరమ్మ ఇంకో రెండు పిట్టలను కూడా అక్కడికి పిలిపించుకుంది.

మొదట్లో కొత్త పద్ధతి బాగానే నడిచింది. ఎక్కడ చూసినా చెట్ల మీద గుర్తులే. జంతువులు కేతయ్యను మెచ్చుకున్నాయి. అతను తోక పైకెత్తి లోయంతా తిరిగేవాడు.

ఆ అడవిలో పాముకాటుకు మందు తెలిసింది ఒక్క ముంగిస ఓబులమ్మకే. ఆమె ఆకుల కోసం, వేర్ల కోసం అడవి అంచుల దాకా పోయేది. సభ జరిగినప్పుడు కూడా అక్కడ లేదు. ఆమె తిరిగి వచ్చేసరికి చెట్ల మీద ముంగిస పాదం గుర్తు అప్పటికే గీసి ఉంది. పక్కన గీత మాత్రం ముళ్లకంప వైపు చూపిస్తోంది. ముళ్లకంపలో ఉండేది నక్క జగ్గడు.

ఓబులమ్మ కేతయ్య దగ్గరికి వచ్చింది. అప్పుడు అతను ఒక్కడే ఉన్నాడు.

"కేతయ్యన్నా, నా గుర్తు ఎవరో గీశారు. అది చూసి రోగులు జగ్గడి పొదకు పోతున్నారు. నిన్న వెళ్లిన కుందేలు తిరిగి రాలేదు. ఆ గుర్తు చెరిపించు" అంది.

కేతయ్య చుట్టూ చూశాడు.

"నీ కోసం చెరిపితే రేపు చిరుత వచ్చి ఇంకొకరిది చెరపమంటుంది. ముందు గీసినవాడిదే పేరు. అది నేను పెట్టిన నియమం. నువ్వు ఇంకో గుర్తు పెట్టుకో" అన్నాడు.

"ముంగిస పాదం చూస్తే అందరికీ నేనే గుర్తొస్తాను. ఇంకో గుర్తు పెట్టుకుంటే అది నాదని ఎవరికి తెలుస్తుంది?"

కేతయ్య పైకొమ్మ ఎక్కేశాడు. ఓబులమ్మ కాసేపు నిలబడి, తన ఆకుల మూట సర్దుకుని వెళ్లిపోయింది. ఎక్కడికి వెళుతున్నావని అతను అడగలేదు. జగ్గడి గుర్తు దొంగదని లోయలో ఎవరికీ చెప్పలేదు, మాచమ్మకు కూడా. చెబితే పద్ధతిలో లోపం ఉందని ఒప్పుకున్నట్టవుతుందని అనుకున్నాడు. నాలుగు రోజులు పోయాక ఏదో ఒకటి చేద్దామని ఊరుకున్నాడు.

వానలు పడ్డాయి. బెరళ్లు ఊడి, కొన్ని గుర్తులు సగం చెరిగిపోయాయి. చెరిగినవాటి మీద కొత్తవాళ్లు తమ గుర్తులు గీశారు.

ఒక మధ్యాహ్నం సిరి రాలిన మద్దికాయల కోసం చెట్టు దిగింది. ఆకుల్లో కట్లపాము ఉంది. అది సిరి చేతి మీద కాటేసింది. సిరి ఆ చెయ్యి పట్టుకుని తల్లి దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

"ఓబులమ్మను తీసుకొస్తా. నువ్వు పిల్లను కదిలించకు" అని చెప్పి కేతయ్య దూకాడు.

మొదటి చీలిక దగ్గర ఆగాడు. మాను నిండా గీతలే. ముంగిస పాదం గుర్తు జగ్గడిదని అతనికి తెలుసు. మిగతా గుర్తుల్లో ఓబులమ్మది ఏదో తెలియలేదు. ఆమె ఇంకో గుర్తు గీసుకుందో లేదో కూడా తెలియదు. రెండో చీలికకు పరుగెత్తాడు. అక్కడా అంతే. దారిన పోయే ఎలుగుబంటిని అడిగాడు. "గుర్తు చూడలేకపోయావా? నువ్వు పెట్టిందేగా" అని ఎలుగు తన దారిన పోయింది.

అప్పుడు రేగులోయ పిట్టలు గుర్తొచ్చాయి. అడుగు పెట్టనని నలుగురిలో అన్న మాట కూడా గుర్తొచ్చింది. ఆ మాట అతని కాళ్లను కాసేపు పట్టుకుంది. అక్కడే అటూ ఇటూ తిరిగాడు. ఆ కాసేపు వృథాగా పోయింది. చివరికి సిరి మొహం కళ్లముందు ఆడి, రేగులోయ వైపు పరుగు తీశాడు.

"ఓబులమ్మ ఎక్కడుంది?" అన్నాడు, రొప్పుతూ.

"వాగు మలుపులో, రెండు రేగుచెట్ల నడుమ బొరియ" అంది పిట్ట. వెంటనే చెప్పింది.

కేతయ్య ఆ బొరియ దగ్గరికి పరుగెత్తాడు. సిరిని పాము కరిచిందని చెప్పగానే ఓబులమ్మ ఆకులు తీసుకుని బయలుదేరింది.

వాళ్లు మద్దిలోయకు వచ్చేసరికి చెట్టు మీద ఎవరూ లేరు.

అంతకుముందు మాచమ్మ చాలాసేపు ఎదురు చూసింది. సిరి కళ్లు మూతలు పడుతున్నాయి. ఇక ఆగలేక బిడ్డను పొట్టకు కరుచుకుని, దారిలో ముంగిస పాదం గుర్తు చూసి, ఆ గీత చూపించిన వైపే వెళ్లింది. ముళ్లకంపలోంచి వచ్చింది జగ్గడు. మాచమ్మ పక్కనున్న తుమికిచెట్టు ఎక్కేసింది. జగ్గడు చెట్టు కిందే కూర్చున్నాడు. ఆమె అరిచింది, కానీ ఆ చుట్టుపక్కల వినేవాళ్లు లేరు.

ఆ అరుపు దూరం నుంచి విని కేతయ్య వచ్చాడు. పెద్ద కొమ్మ విరిచి జగ్గడిని తరిమాడు. ఓబులమ్మ చెట్టు కిందికి వచ్చి, "పిల్లను దించండి" అంది. దించారు. ఓబులమ్మ సిరి చేతిని పట్టుకుని చూసింది. తర్వాత ఆకులు నేల మీద పెట్టేసింది.

"ఇంకాస్త ముందు వచ్చి ఉంటే బతికేది..." అని ఆగిపోయింది. పక్కకు వెళ్లి నిలబడింది.

"గుర్తు చూసే వెళ్లాను" అంది మాచమ్మ. "ఓబులమ్మ గుర్తే అది. నేను తప్పు చూడలేదు."

"నువ్వు తప్పు చూడలేదు. అది ఓబులమ్మది కాదు. నాకు ముందే తెలుసు" అన్నాడు కేతయ్య.

మాచమ్మ అతని వంక చూసింది. తిట్టలేదు, కొట్టలేదు. బిడ్డను ఒళ్లోకి తీసుకుని ఒళ్లు నిమురుతూ కూర్చుంది. సాయంత్రమైనా లేవలేదు.

ఆ మరునాడు కేతయ్య లోయలోని గుర్తులన్నీ గోళ్లతో గీకేశాడు. గోళ్లు ఊడి రక్తం వచ్చింది. జంతువులు చూస్తూ నిలబడ్డాయి, ఎవరూ ఆపలేదు. తర్వాత అతను పేరమ్మను వెతుక్కుంటూ అడవి దాటి వెళ్లాడు. ఆమె చనిపోయిందని అక్కడి పిట్టలు చెప్పాయి. ఆమెతోపాటే చాలా పేర్లు పోయాయి. విడిపోయిన కుటుంబాల్లో కొన్ని మళ్లీ ఎప్పటికీ కలవలేదు.

జంతువులు ఒక్కొక్కటిగా రేగులోయకు చేరుకున్నాయి. అక్కడ మూడు గుట్టల మీద మూడు పిట్టలు ఉండేవి. చిరుతపులి ఒకసారి ఒక పిట్టను బెదిరించింది. మిగతా రెండు పిట్టలు ఎప్పటిలాగే పేరు చెప్పాయి. అది మళ్లీ ఆ పని చెయ్యలేదు. ఎవరైనా ఇంకొకరి పేరు చెప్పుకుంటే సూరమ్మ పెద్దలను కూర్చోబెట్టి విచారించి సరిచేయించేది. ఆ లోయ పచ్చగా, నిండుగా ఉండేది. సూరమ్మ మాటకు అందరూ విలువ ఇచ్చేవాళ్లు.

వానాకాలం చివర్లో కేతయ్య, మాచమ్మ కూడా రేగులోయకు వచ్చారు. కేతయ్య సూరమ్మ ముందు తల ఎత్తలేకపోయాడు.

"రా నాయనా. ఆ చివర మద్దిచెట్టు ఖాళీగా ఉంది, ఉండండి. ముందు పిట్టకు పేర్లు చెప్పు" అంది సూరమ్మ.

కేతయ్య తన పేరు చెప్పాడు. మాచమ్మ పేరు చెప్పాడు. పిట్ట రెండూ ఒకసారి పలికి చూసుకుంది.

"మీ ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారా?" అని అడిగింది.

కేతయ్య మాచమ్మ వైపు చూశాడు.

"లేరు" అంది మాచమ్మ.

నీతి: ఉన్న ఏర్పాటులో లోపం కనిపిస్తే సరిదిద్దుకోవాలి, కొత్తది నిలబడుతుందని తేలకముందే పాతదాన్ని కూల్చకూడదు. తాను పెట్టిన పద్ధతిలోని తప్పును పరువు కోసం దాచినవాడు తనవాళ్లనే పోగొట్టుకుంటాడు.