నిమ్మకాయ ఏ చేతిలో ఉంది

కొండలు నడక మానేసి, ఇంకా ఆయాసం తీర్చుకుంటున్న రోజులవి. గారడీ ఓబులేసు అని ఒకడుండేవాడు. మూడు కొబ్బరిచిప్పలు, ఒక నిమ్మకాయ, అదే అతని ఆస్తి. ఏడు సంతల్లో ఏడుసార్లు దొంగ అని తరిమేశారు. మిగిలింది ఎర్రగుట్ట సంత ఒక్కటే. అక్కడా నిలవకపోతే గంజికి కూడా దారిలేదు.

ఆ సంతకు కావలి తలారి బండెన్న. ఆయన అనుమానం ఎంతటిదంటే, ఎందుకు వెంటబడుతున్నావని తన నీడనే గద్దించేవాడు.

"మూడు సంతలు చూస్తా. మూడోసారీ పట్టుకున్నానంటే ఈ పొలిమేర తొక్కగూడదు," అన్నాడు.

మొదటి సంత. ఓబులేసు చిప్పలు తిప్పాడు. సుడిగాలి లేచిందనుకుని ఉల్లిగడ్డల అవ్వ బుట్టను కావలించుకుంది. తలారి కదల్లేదు.

"ఎడమ చేతిలో ఉంది. నీ కన్నే చెప్పింది గదరా."

రెండో సంతకు ఓబులేసు చూపు జనం మీదే నిలిపాడు.

"ఎడమ చేతిలో ఉంది. దాచేటప్పుడు నీ మాట ఆగింది."

ఇక ఓబులేసు ఇంట్లో సాధన మానేశాడు. గోడలు అనుమానపడవు గదా! బావి దగ్గర ఆడాడు, కళ్లంలో ఆడాడు, మంగలి ముందు కూర్చుని ఆడాడు. ఎవరి కనుబొమ ఎక్కడ లేస్తే అక్కడ ఆట దిద్దుకున్నాడు. వారంలో పదివేలసార్లు, అదీ తగ్గించి చెబితే.

మూడో సంత. కొత్తల్లుడికి వడ్డించే అత్తలా కబుర్లాడుతూ తిప్పాడు. తలారి ఎడమచెయ్యి తెరిపించాడు. లేదు. కుడిచెయ్యి. లేదు. చిప్పలన్నీ ఎత్తాడు. లేదు. నిమ్మకాయ తలారి తలపాగాలో ఉంది.

జనం నవ్వారు. తలారి నవ్వలేదు. "చోటు నీదే. నా కన్ను మాత్రం నీ మీదే," అన్నాడు.

ముప్పై ఏళ్లు ముందు వరసలోనే కూర్చున్నాడు. ఒక్కసారీ పట్టుకోలేదు.

ఒకనాడు ఆట మధ్యలో ఓబులేసు ఒరిగిపోయాడు. ఎవరూ దగ్గరికి పోలేదు. ఇదీ ఆటేనని, ఏడిస్తే నవ్వులపాలవుతామని గుసగుసలాడుకున్నారు.

"లెయ్యరా, చూశాలే," అన్నాడు తలారి. ఎడమచెయ్యి తెరిచాడు. లేదు. కుడిచెయ్యి. లేదు. చిప్పలు. లేదు. తన తలపాగా విప్పి దులిపాడు. లేదు.

లేస్తాడేమోనని జనం మూడు రోజులు కాపలా కాశారు. మూడోనాడు తలారి శవం పక్కన కూలబడ్డాడు.

"ఈ ఒక్కసారికి ఓడిపోరా ఓబులేసూ," అన్నాడు.

ఇప్పటికీ ఆ చుట్టుపక్కల పాడె ఎత్తేముందు, పోయినవారి గుప్పిళ్లు తెరిచి చూస్తారు. ఖాళీగానే ఉంటాయి. అయినా ఇంటి పెద్ద ఒకరు వంగి, "లెయ్యి, చూశాలే," అంటారు. కాసేపు ఆగుతారు. ఆ తర్వాతే ఎత్తుతారు.